ఉగాండా పల్లెకు 14 రోజుల పరిచర్య: 23 కిలోల్లో ఏం సర్దాలి?

కొత్త_యాత్రికుడు:
అందరికీ వందనాలు. ఏప్రిల్‌లో ఎనిమిది మందిమి ఉగాండాలో గులు దగ్గరి పల్లెకు పరిచర్యకు వెళ్తున్నాం. ఎంటెబె విమానాశ్రయంలో దిగి అక్కణ్ణుంచి వ్యాన్. తలా 23 కిలోల చెక్-ఇన్, 7 కిలోల క్యాబిన్. కరెంటు ఉండీ లేనట్టే, నీళ్లు చేతిపంపువి. అక్కడివాళ్లకి పంచడానికి బట్టలు, మందులు, బైబిళ్లు కూడా పెట్టుకుందామని కొందరంటున్నారు. దేనికెంత చోటివ్వాలి?

ఎర్రమట్టి_దారి:
ముందు బ్యాగు సంగతి. గట్టి సూట్‌కేసు వద్దు. ఖాళీదే నాలుగు కిలోలు తినేస్తుంది, మట్టిదారిలో చక్రాలు తిరగవు, వ్యాన్ టాపు మీద తాడేసి బిగిస్తే పగులుతుంది. మెత్తటి డఫెల్ బ్యాగు తీసుకుని, లోపల నీళ్లు చొరని డ్రై బ్యాగు వేసి అందులో సర్దండి. ఏప్రిల్ అక్కడ వానలు మొదలయ్యే నెల. ఎనిమిది మంది ఫిల్టర్లూ దోమతెరలూ ఒకే బ్యాగులో కుక్కొద్దు. తప్పిపోతే సరిగ్గా ఆ బ్యాగే తప్పిపోతుంది.

దోమతెర మందు పట్టించినదై ఉండాలి, గొడుగులా వేలాడేది కాక నాలుగు మూలలది. గొడుగు తెరలో మోచెయ్యో మోకాలో వలకి ఆనుకుంటుంది, దోమ బయటినుంచే కుడుతుంది. తెర కొనుక్కుని తాడు మర్చిపోయేవాళ్లే ఎక్కువ. 10 మీటర్ల నైలాన్ తాడు, నాలుగు మరకొక్కేలు, చిరుగులు మూయడానికి పిన్నీసులు పెట్టుకోండి.

తలకి కట్టుకునే టార్చి తప్పనిసరి, విడి బ్యాటరీలతో. రాత్రి గుంట మరుగుదొడ్డికి ఫోన్ లైటుతో వెళ్తే, వంగినప్పుడు జేబులోంచి ఫోన్ ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. పవర్‌బ్యాంకు 20,000 ఎంఏహెచ్‌ది చాలు. అది 74 వాట్-అవర్లు, విమానాల్లో మామూలుగా ఒప్పుకునే 100 లోపే కాబట్టి పేచీ ఉండదు, కానీ క్యాబిన్‌లోనే పెట్టాలి. దాని మీద అంకెలు చెరిగిపోయి ఉంటే తనిఖీలో తీసేసుకునే ప్రమాదముంది. అరచేతంత సోలార్ పలక అతికించిన పవర్‌బ్యాంకులు బరువు దండగ, ఎండలో రోజంతా పెట్టినా నిండవు. ప్లగ్గు మూడు చదరపు పిన్నులది, టైప్ జి.

డాలర్లు తీసుకెళ్తే కొత్త నోట్లే. 2009కి ముందువి, చిరిగినవి, పెన్ను గీతలున్నవి చాలా చోట్ల తీసుకోరు. 50, 100 నోట్లకి రేటు బాగుంటుంది.

మందులపెట్టె:
ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ లేకుండా ఉగాండాలోకి రానివ్వరు. టీకా వేయించుకున్న 10 రోజులకి గానీ అది చెల్లదు, కాబట్టి చివరి వారానికి ఉంచొద్దు. 2016 నుంచి అది జీవితాంతం చెల్లుతుంది. పాస్‌పోర్టులో పేరూ దాంట్లో పేరూ ఒకటేనా అని చూసుకోండి. 60 దాటినవాళ్లు ముందు డాక్టర్‌తో మాట్లాడాలి.

మలేరియా మాత్రలు ఏవన్నది డాక్టరే చెప్పాలి, లెక్క మాత్రం మీరు వేసుకోండి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే రెండు రోజుల ముందు మొదలుపెట్టి తిరిగొచ్చాక 7 రోజులు: 2+14+7, అంటే మనిషికి 23 మాత్రలు. డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక 28 రోజులు, మొత్తం 44. చవకే గానీ ఎండకి చర్మం కమిలిపోతుంది. పైగా నిండు గ్లాసు నీళ్లతో మింగి కాసేపు పడుకోకుండా ఉండాలి, లేదంటే అన్నవాహికలో పుండు పడుతుంది. "ఇంటికొచ్చేశాం కదా" అని ఆపేయడమే అందరూ చేసే తప్పు. వచ్చాక నెలలు గడిచినా జ్వరం తగిలితే వెంటనే మలేరియా పరీక్ష చేయించుకోండి, ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టర్‌కి చెప్పండి.

ఒంటికి 30 శాతం డీట్ (దోమలు వాలకుండా పూసుకునే మందు). సన్‌స్క్రీన్ ముందు, అది ఇంకాక డీట్. కళ్లజోడు ఫ్రేముకీ వాచీ ప్లాస్టిక్‌కీ తగలనివ్వకండి, కరిగిస్తుంది.

నీళ్లకి 0.1 మైక్రాన్ ఫిల్టరు బ్యాక్టీరియాని ఆపుతుంది, వైరస్‌ని కాదు. క్లోరిన్ మాత్ర వైరస్‌ని చంపుతుంది, విరేచనాలు తెచ్చే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవిని కాదు, దాన్ని ఫిల్టరే ఆపాలి. అందుకే రెండూ కావాలి: బురదుంటే గుడ్డలో వడగట్టి, ఫిల్టరులో పోసి, మాత్ర వేసి 30 నిమిషాలు ఆగాలి. ఫిల్టరు కడిగే సిరంజి మర్చిపోకండి, అది లేకపోతే మూడో రోజుకే ధార సన్నబడుతుంది. ఓఆర్ఎస్ లీటరు ప్యాకెట్లు మనిషికి ఆరు.

కొత్త_యాత్రికుడు:
చాలా థ్యాంక్సండీ. మరి పంచే మందులు, బైబిళ్లు? సిస్టర్స్‌కి బట్టలు ఎలాంటివి?

మందులపెట్టె:
మీ మందులు అసలు ప్యాకింగులోనే, ప్రిస్క్రిప్షన్‌తో ఉండాలి. పంచడానికి మందులు సూట్‌కేసులో వద్దు. దానం మందులకి ఉగాండా ఔషధ నియంత్రణ సంస్థ నేషనల్ డ్రగ్ అథారిటీ అనుమతి కావాలి. చేరేసరికి కనీసం ఏడాది గడువు మిగిలుండాలని డబ్ల్యూహెచ్‌ఓ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇళ్లలో మిగిలిన స్ట్రిప్పులు పోగేసి తీసుకెళ్తే అక్కడి నర్సుకి పారేసే పని పెట్టినట్టే. ఏం కొరతగా ఉందో క్లినిక్‌ని ముందే అడిగి, కంపాలాలో కొనివ్వండి.

కిటెంగె:
బైబిళ్లూ అంతే. గులు వైపు మాట్లాడేది అచోలి. ఇక్కడినుంచి ఇంగ్లిషువి మోసుకెళ్లే బదులు కంపాలాలో బైబిల్ సొసైటీ ఆఫ్ ఉగాండా దగ్గర అచోలివి తీసుకోండి. పాతబట్టల మూటలు అసలు వద్దు, అక్కడి సంతల నిండా అవే.

సిస్టర్స్‌కి మోకాలు దాటే స్కర్టు గానీ చుడీదార్ గానీ బావుంటుంది. అక్కడ ఒక కిటెంగె (రంగురంగుల అచ్చుల నూలు గుడ్డ) కొనుక్కుంటే నడుముకీ, కప్పుకోడానికీ, స్నానాల దగ్గర తెరకీ పనికొస్తుంది. మిలటరీ మచ్చల బట్టలు ఎవరూ పెట్టుకోవద్దు, ఉగాండాలో పౌరులు వేసుకోవడం నేరం. తెల్లవి ఎర్రమట్టికి పోతాయి. మనిషికి నాలుగు జతలు చాలు, ఉతుక్కోవచ్చు.

ఉతికాక ఆరేయడంలోనే ఉంది అసలు చిక్కు. బయట ఆరేసిన తడిబట్టల మీద మాంగో ఫ్లై అనే ఈగ గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు చర్మంలోకి దూరి, మధ్యలో చిన్న రంధ్రమున్న సెగగడ్డలా లేస్తుంది. కాబట్టి గదిలోనే తాడు కట్టి ఆరేయండి, లేదా బాగా కాలిన ఇస్త్రీపెట్టెతో రెండువైపులా, ముఖ్యంగా కుట్ల దగ్గరా నడుంపట్టీ దగ్గరా రుద్దండి. లోదుస్తులకీ తువ్వాళ్లకీ కూడా. ఒకవేళ గడ్డ లేస్తే పిండొద్దు, లోపల పురుగు తెగితే చీము పడుతుంది. రంధ్రం మీద వాజెలిన్ మందంగా పూసి మూసేస్తే గాలాడక పురుగు పైకొస్తుంది, అప్పుడు ట్వీజర్‌తో తీయాలి. అందుకని వాజెలిన్ డబ్బా, ట్వీజర్ కూడా జాబితాలో రాసుకోండి.