ఫ్రీ త్రో వేళ లేన్ ఉల్లంఘనలు: విజిల్ ఎప్పుడు ఊదాలి?

కొత్తవిజిల్:
నేను ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాలతో జరిగే బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లకు ఇటీవలే రెఫరీగా వెళ్తున్నాను. చివరి ఫ్రీ త్రో (ఫౌల్‌కు బదులుగా గీత దగ్గర నుంచి ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్) వేస్తుండగా, బంతి షూటరు చేతిని వీడకముందే అతని జట్టు ఆటగాడే లేన్‌లోకి, అంటే బుట్ట ముందు గీతలు గీసిన నిషిద్ధ ప్రాంతంలోకి, అడుగు పెట్టాడు. బంతి నేరుగా బుట్టలో పడింది కనుక పాయింటు ఇచ్చి ఆట కొనసాగించాను. ఎదుటి జట్టు కోచ్ మాత్రం పాయింటు రద్దు చేయవలసిందేనని పట్టుబట్టారు. ఇలాంటప్పుడు వెంటనే విజిల్ ఊదాలా, లేక బంతి సంగతి తేలేదాకా ఆగాలా?

పాతరెఫరీ:
మీరు చేసింది సరైనదే. ఫిబా నియమాల్లో షూటరు కాక మరెవరు తొందరపడినా, బంతి బుట్టలో పడితే పాయింటు చెల్లుతుంది, ఉల్లంఘన లెక్కలోకి రాదు. బంతి పడనప్పుడే తప్పు ఎవరిదన్న ప్రశ్న పుడుతుంది. షూటరు సహచరుడిదైతే, ఫ్రీ త్రో గీతకు సూటిగా పక్క గీత దగ్గర ఎదుటి జట్టుకు త్రో-ఇన్ (బయటి నుంచి బంతిని లోపలికి వేసే అవకాశం) ఇస్తాం. ఎదుటి జట్టువాడిదైతే షూటరుకు మరో ఫ్రీ త్రో దక్కుతుంది. ఇరుజట్లదీ అయితే అది జంప్ బాల్ పరిస్థితి, అంటే స్కోరు రాసేవారి టేబుల్ మీది బాణం ఎటు చూపితే బంతి వారిది. షూటరు స్వయంగా గీత తొక్కితే మాత్రం బంతి పడినా పాయింటు ఉండదు. కాబట్టి లేన్ పక్కన నిలబడ్డవారి తప్పును చూసిన వెంటనే మనసులో గుర్తుపెట్టుకుని, బంతి రింగు దగ్గర ఏమైందో చూశాకే విజిల్‌కు పని చెప్పడం మేలు.

బేస్‌లైన్:
ఆ కోచ్ గారు బహుశా అమెరికా హైస్కూలు నియమాలకు అలవాటుపడి ఉంటారు. అక్కడ షూటరు జట్టువారు ఎవరు ఉల్లంఘించినా ఆ క్షణమే బంతి చచ్చినట్టు లెక్క, పాయింటు రాదు. ఎదుటి జట్టు ఉల్లంఘనకు మాత్రం రెఫరీ పిడికిలి బిగించిన చేతిని చాచి ఆగుతాడు, బంతి పడితే ఆ ఉల్లంఘనను వదిలేస్తాడు. షూటరుకు ఇచ్చే సమయం కూడా ఒకటి కాదు. ఫిబాలో 5 సెకన్లు, అక్కడా, అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలోనూ 10. 2021 ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌లో, ఫ్రీ త్రోకు ఎక్కువ సమయం తీసుకునే ఆటగాడు యానిస్ అంటెటోకుంపో గీత దగ్గర నిలబడగానే ప్రేక్షకులు గొంతెత్తి అంకెలు లెక్కపెట్టడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఏ నియమావళితో ఆడుతున్నామో మ్యాచ్‌కు ముందే ఇద్దరు కోచ్‌లకూ చెప్పేస్తే సగం వాదనలు అక్కడే ఆగిపోతాయి.

కొత్తవిజిల్:
ధన్యవాదాలు. మరి ఇద్దరే రెఫరీలు ఉన్నప్పుడు, బంతి చేతిని వీడే క్షణాన్నీ అయిదుగురి పాదాలనూ ఒకేసారి చూడటం ఎలా సాధ్యం?

పాతరెఫరీ:
ఒక్కరే చూడవలసిన పని లేదు. బుట్ట కింద ఉండే రెఫరీ, అంటే లీడ్, తనకు ఎదురుగా ఉన్న వరుసను చూస్తాడు. వెనక ఉండే రెఫరీ, అంటే ట్రెయిల్, షూటరునూ, తనకు ఎదురుగా ఉన్న రెండో వరుసనూ చూస్తాడు. లీడ్ చేసే పెద్ద పొరపాటు తల పైకెత్తి బంతి వెంట కన్ను పోనివ్వడం. బంతి పడిందో లేదో చప్పుడే చెబుతుంది, కాని పాదం గీత మీదికి ఎప్పుడు వచ్చిందో ఆ చూపు తప్ప మరేదీ చెప్పదు. ఆటగాడు నడుము వంచి లేన్ మీదికి వాలినంత మాత్రాన తప్పు కాదు, పాదం నేలను తాకిన చోటే లెక్క. లేన్ పక్క గీత కూడా నిషిద్ధ ప్రాంతంలో భాగమే కనుక బొటనవేలు ఆ గీతను తాకినా లోపలికి వచ్చినట్టే. మరొక మాట: మూడు పాయింట్ల గీత వెనక నిలబడ్డవారు బంతి చేతిని వీడినంత మాత్రాన కదలకూడదు, ఆ ఫ్రీ త్రో పూర్తయ్యేదాకా ఆగాలి. అందరూ లేన్ వైపే చూస్తుంటారు కనుక వీరి పరుగు తరచు తప్పించుకుంటుంది.

కోచ్‌మాట:
నేను బెంచీ మీద నుంచి చెబుతున్నాను. రీబౌండ్‌కు (బుట్టలో పడక తిరిగొచ్చే బంతిని అందుకోవడానికి) ఏమాత్రం తేడా రాని అర అడుగును కూడా పట్టుకుంటే ఆట ముందుకు సాగదు. అలాగని మొదటి క్వార్టరంతా చూసీ చూడనట్టు వదిలేసి, చివరి నిమిషంలో అదే అర అడుగుకు విజిల్ ఊదితే మాకు మండుతుంది. బంతి ఇచ్చేముందు “చేతిని వీడాకే కదలండి” అని రెఫరీ ఒక్క మాట అంటే చాలు, మా పిల్లలు మడమలు నేలకు ఆనించి నిలబడతారు.

బేస్‌లైన్:
మీరన్నది నిజమే కాని, “తేడా రాని అర అడుగు” అన్నది ఎవరు తేల్చాలి? బంతి రింగు తగిలి ఆ ఆటగాడి చేతికే వస్తే ఆ అర అడుగే రీబౌండును ఇచ్చినట్టు. ఎదుటి జట్టువాడు ముందుగా దూరి రీబౌండు అందుకుంటే నేను ఎప్పుడూ వదలను. బంతి అతనికి దూరంగా పడి షూటరు జట్టుకే చేరితే మాత్రం ఆలోచిస్తాను, కాని నియమం ప్రకారం మరో ఫ్రీ త్రో ఇవ్వడమే సరైనదని ఒప్పుకోక తప్పదు. షూటరు వేసినట్టు నటించి ఎదుటివారిని లోపలికి లాగే ఎత్తుగడ మరీ చికాకైనది. అక్కడ ముందు తప్పు చేసింది షూటరే, కాబట్టి లోపలికి అడుగు వేసినవాడిని తప్పుపట్టకూడదు.

కొత్తవిజిల్:
రెండు ఫ్రీ త్రోల్లో మొదటిదానిలోనే షూటరు సహచరుడు తొందరపడి, బంతి కూడా పడకపోతే?

పాతరెఫరీ:
త్రో-ఇన్ ఉండదు, ఎందుకంటే ఇంకొకటి వేయవలసి ఉంది. ఆటగాణ్ణి హెచ్చరించి రెండోదానికి బంతి ఇవ్వండి. ఎదుటి జట్టువాడు తొందరపడి మొదటిది పోయి ఉంటే మాత్రం దానికి బదులు మరొకటి వేయించి, ఆ తరువాతే రెండోదానికి వెళ్లాలి. టెక్నికల్ ఫౌల్‌కు (దురుసు ప్రవర్తన వంటి తప్పులకు ఇచ్చే ఫౌల్) ఇచ్చే ఫ్రీ త్రోకు లేన్ పక్కన ఎవరూ నిలబడరు కనుక అక్కడ ఈ తలనొప్పే లేదు.