చర్చిలో ఇచ్చిన అప్పం జేబులో వేసుకొచ్చేశాను, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న:

మేం ముగ్గురం స్నేహితులం. ఒకడు క్యాథలిక్, ఒకడు ముస్లిం, నేను హిందువుని, అదీ పండగ వస్తే గానీ గుర్తురాని రకం. పదేళ్ళలో ఒకరి పెళ్ళికి ఒకరం వెళ్ళాం గానీ ఒకరి ప్రార్థన ఒకరం ఎప్పుడూ చూడలేదు. నెలకొకరి దగ్గరికి మిగతా ఇద్దరం వెళ్దామని ఈమధ్య అనుకున్నాం. మొదటి వంతు చర్చిది.

పూజ బాగానే సాగింది. చివర్లో అందరూ లేచి ముందుకి వెళ్తుంటే, అడ్డంగా కూర్చోవడం బాగోదని నేనూ లేచాను. ఆ తర్వాత వరుసే నడిపించుకుపోయింది. మా ముస్లిం ఫ్రెండ్ తెలివైనవాడు, మోకాళ్ళు పక్కకి తిప్పి దారిచ్చి అక్కడే కూర్చున్నాడు. పుస్తకంలో ‘దివ్యసత్ప్రసాదం’ అని ఉంది, ప్రసాదమే కదా అనుకున్నా. ఫాదర్ ‘క్రీస్తు శరీరము’ అంటే నేను ‘థాంక్స్ ఫాదర్’ అన్నాను. ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూశారు, వెనక జనం ఉన్నారు, అరచేతిలో పెట్టేశారు. తెల్లగా, గుండ్రంగా, కాగితమంత పల్చగా ఉంది. కళ్ళకద్దుకుని తిరిగేసరికి మా క్యాథలిక్ ఫ్రెండ్ నన్నే చూస్తున్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇక తినాలో వద్దో తెలియక చొక్కా జేబులో వేసుకున్నాను.

బయటికొచ్చాక వాడు ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. రెండు రోజులైంది. అప్పం కాగితంలో మడిచి బీరువాలో పెట్టాను. పారేయడానికి చెయ్యి రావట్లేదు, తినడానికి ధైర్యం చాలట్లేదు. పైగా వచ్చే శుక్రవారం మసీదులో జుమ్మా నమాజు. అక్కడ ఇంకేం చేసొస్తానో అని టెన్షన్. తెలిసినవాళ్ళు చెప్పండి.

మొదటి జవాబు:

నేను క్యాథలిక్‌ని. పారేయలేదు చూడండి, అక్కడే సగం గండం గడిచింది.

మీకు ‘ప్రసాదం’ అన్న మాట దగ్గర తేడా వచ్చింది. మా దృష్టిలో అది దేవుడికి పెట్టి పంచేది కాదు. పూజలో గురువు ఆ ప్రార్థన చెప్పాక అది గోధుమ అప్పంలా కనిపిస్తుందే గానీ క్రీస్తు శరీరమే. ఉపమానంగా అనే మాట కాదు, నిజంగానే అలా నమ్ముతాం. అందుకే బాప్తిస్మం పొంది, క్యాథలిక్ సంఘంలో ఉన్నవాళ్ళకే ఇస్తారు. వాళ్ళలోనూ మనస్సాక్షి ఒప్పుకోక లేవకుండా కూర్చునేవాళ్ళు ఉంటారు, కాబట్టి కూర్చున్నవాళ్ళని ఎవరూ వింతగా చూడరు. తీసుకున్నవాళ్ళు అక్కడికక్కడే నోట్లో వేసుకోవాలి. బయటికి తీసుకెళ్తే దుర్వినియోగం అవుతుందేమోనని భయం. మీ ఫ్రెండ్ ముఖం పాలిపోయింది అందుకే, మీమీద కోపంతో కాకపోవచ్చు. పిలుచుకెళ్ళి ముందే చెప్పనందుకు తనమీద తనకే కోపం అయ్యుంటుంది.

మీరు తినకండి. ఆ కాగితంతో సహా ఫాదర్‌కి ఇచ్చేయండి. ఆయన తనే స్వీకరిస్తారు, లేదా నీళ్ళలో పూర్తిగా కరిగేదాకా ఉంచి ఆ నీళ్ళు మురుగులోకి పోకుండా నేలలో ఇంకేలా పోస్తారు. ఇకమీదట కూర్చునే ఉండండి. చాలాచోట్ల చేతులు రెండూ ఛాతీమీద అడ్డంగా పెట్టుకుని వెళ్తే ఆశీర్వాదం ఇచ్చి పంపిస్తారు గానీ, అన్నిచోట్లా ఆ అలవాటు లేదు, మీవాణ్ణి అడిగే వెళ్ళండి.

రెండో జవాబు:

ఎవరి గుడికి వాళ్ళు వెళ్తే ఈ గొడవే ఉండదు. స్నేహం టీ దగ్గర చేసుకోవచ్చు, దేవుడి దగ్గరే చేయాలా?

మూడో జవాబు:

పై ఆయన మాటని కొట్టిపారేయను. అయితే వెళ్ళడం వేరు, కలిసిపోవడం వేరు. 1986 అక్టోబరు 27న పోపు రెండో జాన్ పాల్ ఇటలీలోని అస్సీసీకి అన్ని మతాల పెద్దల్ని పిలిచినప్పుడు కూడా అందరిచేతా ఒకే ప్రార్థన చేయించలేదు. ఎవరి ప్రార్థన వాళ్ళు చేశారు, మిగతావాళ్ళు పక్కన ఉన్నారు. పక్కన ఉండటం తక్కువేం కాదు.

ఇక జుమ్మా. నేను ముస్లింని. మీరు నమాజు చేయనక్కర్లేదు. నమాజుకి నియ్యత్, అంటే మనసులో సంకల్పం, ఉండాలి, అది లేకుండా మమ్మల్ని చూసి వంగి లేస్తే మర్యాద అనిపించదు, నాటకం అనిపిస్తుంది. వరుసలో మధ్యన కూర్చోకండి. భుజానికి భుజం ఆనించి నిలబడతాం, మధ్యలో మీరు కూర్చుంటే అక్కడ ఖాళీ పడుతుంది. వెనక గోడవారగా కూర్చోండి. నమాజు చేసేవాళ్ళ ముందునుంచి నడవకండి.

అసలు జాగ్రత్త ఖుత్బా దగ్గర, అంటే నమాజుకి ముందు ఇమామ్ చేసే ప్రసంగం దగ్గర. ఇమామ్ మాట్లాడుతుంటే పక్కవాడితో ‘ఊరుకో’ అన్నా తప్పే అని హదీసు, అంటే ప్రవక్త మాట. మీరు గుసగుసగా ఏదైనా అడిగితే మీ ఫ్రెండ్ జవాబు చెప్పలేక, చెప్పకుండా ఉండలేక చస్తాడు. డౌట్లన్నీ గుమ్మం బయటే తీర్చుకోండి. ఆ తర్వాత రెండు రకాతులే (నిలబడి, వంగి, సాష్టాంగపడే ఒక్కో విడత ఒక రకాతు), త్వరగానే అయిపోతుంది.

మీ వంతు వచ్చినప్పుడు కూడా ఒకటి గుర్తుపెట్టుకోండి. విగ్రహానికి నివేదించినది తినకూడదని మాలో అంటారు, క్రైస్తవుల్లోనూ చాలామంది తినరు. పూజారి చెయ్యి చాపాక ‘వద్దు’ అనడం వాళ్ళకి నరకం. ముందురోజే అడిగి, వద్దంటే వాళ్ళని ఆ వరుసలోకి రానివ్వకండి.

అడిగినవారి జవాబు:

అందరికీ థాంక్స్. రాత్రే మావాడికి ఫోన్ చేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మొదటి మాట, ‘చొక్కా ఉతికేశావా?’ లేదన్నాను. ‘ఉతక్కు, అదీ తీసుకురా’ అన్నాడు.

పొద్దున్నే ఇద్దరం వెళ్ళాం. నేను సారీ చెప్పబోతుంటే ఫాదర్, ‘ఆ థాంక్స్ విన్నప్పుడే నేను ఆపాల్సింది’ అన్నారు. కాగితం విప్పి అప్పం చిన్న గిన్నెలో నీళ్ళలో వేశారు. తర్వాత మావాడు నా చొక్కా జేబు లోపలివైపు బయటికి తిప్పి, కుట్టు మూలల్లో ఇరుక్కున్న తెల్లటి పొడి తడివేలితో అద్ది తీసి ఆ గిన్నెలోనే కలిపాడు. ఒక మూల అయ్యాక ఇంకో మూల, చాలాసేపు. వాడు దేన్నయినా అంత జాగ్రత్తగా ముట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

బయటికొచ్చాక ‘అసలు నేనే ముందు చెప్పాల్సింది’ అన్నాడు. మొదటి జవాబు రాసినవారు కరెక్టుగా పట్టుకున్నారు.

రెండో జవాబుదారు గారికి, టీ దగ్గర పదేళ్ళు చేశాం సార్, ఇదొక్కటీ తెలియలేదు.

శుక్రవారం గురించి మా ముస్లిం ఫ్రెండ్‌ని అడిగితే గోడ పక్క చోటు చూపిస్తానన్నాడు. చిరుగుల్లేని సాక్సు వేసుకు రమ్మన్నాడు, అంతే.