సీటు మారినప్పుడు సమాచారం ఎందుకు చేతికి రాదు?

కొత్త సెక్షన్: బదిలీపై చేరిన చోట ఛార్జి జాబితాలో ఫైళ్ల నంబర్లన్నీ ఉన్నాయి గానీ, ఏ ఫైలు ఎవరి దగ్గర ఎందుకు ఆగిందో ఒక్క ముక్క రాసి లేదు. అడిగితే "చూసుకోండి, మీకే అర్థమవుతుంది" అంటున్నారు. మీ దగ్గర అప్పగింత ఎలా జరుగుతోంది? ఫైళ్లను కంప్యూటరులోనే నడిపే ఈ-ఆఫీసు వచ్చాక ఏమైనా మారిందా?

విశ్రాంత సూపరింటెండెంట్: నా సర్వీసంతా సెక్షన్లలోనే గడిచింది కనుక గట్టిగా చెప్పగలను. సీటుకు వచ్చిన ప్రతి కాగితాన్నీ, దానిపై జరిగిన చర్యనూ రాసుకునే పర్సనల్ రిజిస్టరును, జీవోలు, సర్క్యులర్ల స్టాక్ ఫైలును సక్రమంగా నడిపితే ఎవరు బదిలీ అయినా పని ఆగదు. ఇప్పటివారు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజీ పెట్టి చేతులు దులుపుకుంటున్నారు.

మండల ఉద్యోగి: వాట్సాప్‌ను తప్పుపట్టకండి. తపాలులో సర్క్యులర్ మాకు చేరేసరికి గడువు దాటిపోయిన సందర్భాలెన్నో ఉన్నాయి.

విశ్రాంత సూపరింటెండెంట్: ఆ మెసేజీకి నంబరుందా, సంతకముందా? రేపు ఆడిట్ అభ్యంతరం వస్తే ఫోను చూపిస్తారా?

మండల ఉద్యోగి: రాతపూర్వకంగా ఇవ్వమని అడిగినందుకు "నా మాట మీద నమ్మకం లేదా?" అని కసిరినవారు మీ తరం అధికారులే. పని నోటిమాటతో చేయించుకున్నారు, సంజాయిషీ మెమో మాత్రం కాగితం మీద ఇచ్చారు. ఆ బాధ పడినవాళ్లం మేము!

వార్డు సిస్టర్: మేము షిఫ్టు మారేటప్పుడు మంచం పక్కనే నిలబడి, ఏ మందు ఎప్పుడు ఇచ్చామో, ఏ రిపోర్టు రావాల్సి ఉందో చెప్పి అప్పగిస్తాము. పరిస్థితి, నేపథ్యం, అంచనా, సూచన అనే ఎస్‌బార్ వరుస ఉన్నా, డోసు మీద సందేహం వచ్చి అడిగిన సిస్టర్‌ను రోగి బంధువుల ముందే గద్దించే వార్డులో మరునాడు ఎవరూ నోరు తెరవరు.

యంత్రశాల: సిస్టర్ గారి మాటే అసలు సంగతి. 1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ కూలడానికి ముందు రాత్రే, చలికి దాని బూస్టర్ రాకెట్ల అతుకులను మూసే రబ్బరు ఓ-రింగులు సరిగా పనిచేయకపోవచ్చని, ఆ రాకెట్లు తయారుచేసిన మోర్టన్ థియోకోల్ కంపెనీ ఇంజనీర్లు హెచ్చరించారు. యాజమాన్యం వారిని కాదని ప్రయోగానికి అంగీకరించింది.

విశ్రాంత సూపరింటెండెంట్: రాకెట్ల సంగతి ఇక్కడెందుకు? రిజిస్టరు గురించి మాట్లాడండి.

హక్కుదారు: అయితే చట్టం గురించే మాట్లాడదాం. సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4(1)(బి) ప్రకారం నిర్ణయాలు తీసుకునే విధానం, పాటించే నిబంధనలు, మాన్యువళ్లు ఎవరూ అడగకముందే కార్యాలయం ప్రకటించాలి. మా దగ్గర ఆ పుస్తకం బీరువాలో ఉంది, తాళం ఒక్కరి దగ్గరే ఉంటుంది. కొత్తగా చేరినవారు ఆయన సెలవు ముగిసేదాకా ఆగాలి.

మండల ఉద్యోగి: ఈ-ఆఫీసులో ఫైలు ఏ సీటులో ఉందో ఇప్పుడు తెలుస్తోంది, కానీ ఫోనులో వచ్చిన ఆదేశం ఫైలుపై అభిప్రాయాలు, ఆదేశాలు రాసే నోట్ ఫైలుకు ఎక్కనంతకాలం అది ఎందుకు ఆగిందో తెలియదు. ఆదేశించిన అధికారే అదే రోజు దాన్ని నమోదు చేయాలి. సూపరింటెండెంట్ గారూ, దీనికైనా ఒప్పుకుంటారా?