షికాగో స్కూల్ బోర్డ్, సిటీ కౌన్సిల్ ఎన్నికలు: మొదటిసారి ఓటు వేయబోతున్నాం, మీ అనుభవాలు చెప్పండి

సౌత్‌లూప్_అమ్మ

అందరికీ నమస్కారం. పోయిన నెలలో నాకూ మావారికీ సిటిజన్‌షిప్ వచ్చింది. ప్రమాణం చేసి బయటికి రాగానే ఓటరు ఫారం చేతిలో పెట్టారు. పద్నాలుగేళ్లుగా ఈ ఊళ్లో ఎన్నికలు టీవీలో చూడటమే తప్ప, నా ఓటు అనేది ఒకటి ఉంటుందని ఆలోచించలేదు. అక్కడే నిలబడి ఫారం నింపుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

2026 నవంబర్ 3న స్కూల్ బోర్డ్, 2027 ఫిబ్రవరి 23న మేయర్, ఆల్డర్‌మ్యాన్ ఎన్నికలు. ప్రెసిడెంట్ ఎన్నికలైతే ఎవరేంటో తెలుస్తుంది. ఇక్కడ పేర్ల పక్కన పార్టీ కూడా ఉండదట. మా పాప పబ్లిక్ స్కూల్లో రెండో తరగతి. తెలియక తప్పు మనిషికి వేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది. మీరు ఎలా తేల్చుకున్నారు? మీకు జరిగింది చెప్పండి, అదే నాకు బాగా అర్థమవుతుంది.

పాతకాపు_99

అమ్మా, ముందు మీ ఇద్దరికీ శుభాకాంక్షలు. సిటీ కౌన్సిల్ సంగతి నేను చెప్తాను. స్కూళ్ల గురించి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు.

మన దగ్గర కార్పొరేటర్ ఎలాగో ఇక్కడ ఆల్డర్ అలాగ. ఊరికి 50 వార్డులు, వార్డుకొకరు. చెత్త డబ్బా, చెట్టు కొమ్మలు, వీధి దీపం, రోడ్డు మీద గుంత, మీ పక్క ఖాళీ స్థలంలో ఎన్ని అంతస్తులు లేవొచ్చు అన్నది కూడా చాలావరకు ఆ ఆఫీసు మీదుగానే పోతుంది. రోడ్లకూ దీపాలకూ వార్డుకు ఏటా సుమారు 15 లక్షల డాలర్లు విడిగా వస్తాయి, దాన్ని మెనూ మనీ అంటారు. ముందు ఏ వీధికి తారు పడాలన్నది ఆల్డర్ నిర్ణయమే.

2018 చలికాలంలో మా ఇంటి వెనక ఆలీలో, అంటే వెనక సందులో, దీపం పోయింది. సిటీ కంప్లయింట్ల నంబరు 311కి నాలుగుసార్లు ఫోన్ చేశాను, నాలుగు కంప్లయింట్ నంబర్లు వచ్చాయి, దీపం మాత్రం రాలేదు. మా ఆవిడ నర్సు. నైట్ డ్యూటీ ముగించుకుని తెల్లవారుజామున గరాజ్ నుంచి ఇంట్లోకి ఆ చీకట్లో ఐసు మీద నడిచి రావాలి. ఒకరోజు జారిపడి మణికట్టు విరిగింది. ఆ వారమే వార్డ్ నైట్‌కి వెళ్లాను. వారంలో ఒక సాయంత్రం ఎవరొచ్చినా ఆఫీసులో కలుస్తారు, దానికే ఆ పేరు. నాలుగు నంబర్లూ కాగితం మీద రాసుకెళ్లి, మా ఆవిడ చేతికట్టు ఫోటో చూపించాను. చూస్తాం అన్నారు. చూడలేదు.

కొద్ది రోజులకు, ఎన్నికల్లో కొత్తగా దిగిన ఒకాయన మా తలుపు తట్టారు. దీపం గురించి చెప్పాను. ఆయన ఏమీ వాగ్దానం చేయలేదు. పదండి చూద్దాం అని నాతో ఆలీలోకి నడిచొచ్చి, సెల్‌ఫోన్ లైటు వేసి స్తంభం మీద నంబరు రాసుకున్నారు. నా ఓటు ఎవరికో ఆ స్తంభం దగ్గరే తేలిపోయింది. మీరూ ఓటుకు ముందు ఒక్కసారి వార్డ్ నైట్‌కి వెళ్లండి, మనిషి ఎలాంటివారో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఒక్క ఓటుతో ఏమవుతుంది అని మనవాళ్లు చాలామంది అంటారు. 2019 రనాఫ్‌లో, అంటే రెండో విడత పోటీలో, 33వ వార్డు ఫలితం తేలింది 13 ఓట్ల తేడాతో. మా బ్లాకులో ఒక అపార్ట్‌మెంట్‌లోనే అంతకంటే ఎక్కువమంది ఉంటారు.

రావి_చెట్టు

బాబాయ్ గారు చెప్పినదానికి చిన్న చేర్పు. 2022లో వార్డుల గీతలు మార్చారు. నేను పాత నంబరే అనుకుని 2023లో వేరే వార్డు అభ్యర్థి గురించి నెలరోజులు చదివాను. తీరా చూస్తే మా ఇల్లు గీతకు అవతలకి పోయింది. ఎలక్షన్ బోర్డు వెబ్‌సైట్లో చిరునామా కొడితే మీ వార్డూ మీ నమూనా బ్యాలటూ కనిపిస్తాయి. ముందు అది చేయండి. ఫిబ్రవరి ఎన్నికల్లో సగానికి పైగా ఓట్లు ఎవరికీ రాకపోతే ఏప్రిల్‌లో మళ్లీ రనాఫ్ ఉంటుంది. మొదటి విడత వేసి, రెండోది మర్చిపోయేవాళ్లు ఉన్నారు. ఇంకో సంగతి, 2023 నుంచి అదే బ్యాలట్‌లో పోలీస్ డిస్ట్రిక్ట్ కౌన్సిళ్లకు కూడా ఎన్నుకుంటున్నాం, 22 జిల్లాలు, ఒక్కో దానికి ముగ్గురు.

అమేయ పవార్ గుర్తున్నారా? 2011లో 47వ వార్డులో గెలిచి, షికాగో కౌన్సిల్‌లో మొదటి ఏషియన్ అమెరికన్ అయ్యారు. పెద్దవాళ్ల అండ లేకుండా ఇల్లిల్లూ తిరిగి గెలిచారు. రెండు టర్మ్‌లే ఉంటానని మాటిచ్చి, 2019లో అలాగే తప్పుకున్నారు. నాకు ఈ ఎన్నికల మీద నమ్మకం కలిగింది ఆయన వల్లే.

బ్లూలైన్_శ్రీను

స్కూల్ బోర్డ్ సంగతి నేను చెప్తానక్కా. మా అబ్బాయిలు ఇద్దరూ ఇక్కడి స్కూళ్లలోనే చదివారు.

1995 నుంచి 2024 దాకా బోర్డును మేయరే నియమించేవారు. మనకి ఓటే లేదు. 2021లో రాష్ట్రం చట్టం చేసింది, 2024 నవంబర్‌లో మొదటిసారి పది మందిని ఎన్నుకున్నాం. మిగతా 11 మందిని మేయర్ నియమించారు. 2026లో మొత్తం 21 మందీ ఎన్నికయ్యేవాళ్లే, 20 మంది జిల్లాలవారీగా, బోర్డ్ ప్రెసిడెంట్‌ను ఊరంతా కలిసి. అంటే మీకు రెండు ఓట్లు. బోర్డు సభ్యులకు జీతం లేదు.

జీతం లేని పదవికి అంత గొడవెందుకు అంటారా? 2024 అక్టోబర్ గుర్తు చేసుకోండి. స్కూళ్ల కోసం 300 మిలియన్ డాలర్ల అప్పు తీసుకోవాలా వద్దా అని మేయర్ బ్రాండన్ జాన్సన్‌కూ స్కూళ్ల సీఈవో పెడ్రో మార్టినెజ్‌కూ పడలేదు. నియమిత బోర్డులో ఉన్న ఏడుగురూ ఒకేసారి రాజీనామా చేశారు. డిసెంబర్‌లో, వాళ్ల స్థానంలో మేయర్ నియమించిన కొత్త సభ్యులు మార్టినెజ్‌ను తీసేశారు. తర్వాత జనవరిలో సగం ఎన్నికైన బోర్డు వచ్చింది. 2025 ఆగస్టులో 10 బిలియన్లు దాటిన బడ్జెట్‌ను కొత్త అప్పు లేకుండా 12–7 ఓట్లతో పాస్ చేశారు. మేయర్ కోరుకున్నది అది కాదు. ఒక్కో సభ్యుడు ఎటు ఓటేశారో పేర్లతో సహా బయట ఉంది. నేను ముందు చూసేది అదే. అప్పు మంచిదా చెడ్డదా అని మా ఇంట్లోనే నాకూ మా ఆవిడకీ పడదు. కానీ ఎవరు ఎటు నిలబడ్డారో ఇద్దరం చూసుకోగలుగుతున్నాం. ముప్పై ఏళ్లు ఆ వీలే లేదు.

మీరు సౌత్ లూప్ అన్నారు కాబట్టి ఇంకో మాట. 2024లో మీ వైపు ఆరో జిల్లాలో అనూష తోటకూర అనే ఆవిడ పోటీ చేశారు. ఇంటిపేరు చూసి మా అమ్మ ఫోన్లో ఎంత సంబరపడిందో! ఆవిడ జెస్సికా బిగ్స్ చేతిలో ఓడిపోయారు, తర్వాత మేయర్ అనూషనే బోర్డులోకి నియమించారు. ఇంటిపేరు చూసి ఓటేయమని నేను చెప్పను, ఎవరి రికార్డు వారిదే. కానీ ఆ బ్యాలట్ మీద మనలాంటి పేరు కనిపించిందని మా పిల్లలు గమనించారు.

డబ్బు సంగతి కూడా చూడండి. టీచర్ల యూనియన్ ఒకవైపు, చార్టర్ స్కూళ్లను (ప్రభుత్వ డబ్బుతో విడి సంస్థలు నడిపే బళ్లను) సమర్థించేవాళ్లు మరోవైపు 2024లో బాగా ఖర్చుపెట్టారు. ఇంటికి రంగురంగుల కార్డులు వస్తాయి. కార్డు కింద సన్న అక్షరాల్లో ఎవరు డబ్బు పెట్టారో ఉంటుంది, అది చదివాకే పైన ఉన్నది చదవండి.

క్యూలో_నాన్న

అందరూ ఓటు గురించి రాస్తుంటే నేనూ రాయాలనిపించింది. నాది ఇంకా హెచ్‌1బీయే. పన్నెండేళ్లుగా గ్రీన్‌కార్డ్ క్యూలో ఉన్నాను. అద్దె కడుతున్నాం, పన్ను కడుతున్నాం, మా అమ్మాయి ఇక్కడి బళ్లో చదువుతోంది, కానీ మాకు ఏ మాటా చెల్లదు అనుకునేవాణ్ణి. అది నిజం కాదని 2022లో తెలిసింది.

ఈ ఊళ్లో చాలా పబ్లిక్ స్కూళ్లకు లోకల్ స్కూల్ కౌన్సిల్ ఉంటుంది, ఎల్‌ఎస్‌సీ అంటారు. 1988 చట్టంతో వచ్చింది. ఆరుగురు తల్లిదండ్రులు, చుట్టుపక్కల ఉండేవాళ్లు ఇద్దరు, ఇద్దరు టీచర్లు, టీచర్ కాని ఉద్యోగి ఒకరు, ప్రిన్సిపాల్. హైస్కూల్లో విద్యార్థులు కూడా. సరిసంఖ్య ఏళ్లలో, ఏప్రిల్‌లో, బళ్లోనే ఎన్నిక. తల్లిదండ్రులకూ ఆ బడి పరిధిలో ఉండేవాళ్లకూ ఓటు ఉంది, సిటిజన్ కానక్కర్లేదు. పోటీ కూడా చేయొచ్చు. చార్టర్ స్కూళ్లకు ఇది లేదు.

2022లో ఓటేశాను. జిమ్‌లో బాస్కెట్‌బాల్ హూప్ కింద మడతబల్ల, అట్టపెట్టె. నా కూతురు కాగితం మడిచి తనే పెట్టెలో వేసింది. ఈ దేశంలో నేను వేసిన మొదటి ఓటు అది. 2024లో నేనే నిలబడ్డాను. రెండు నిమిషాలు మాట్లాడమన్నారు, నా యాస అర్థమవుతుందో లేదో అని రాత్రంతా అద్దం ముందు ప్రాక్టీస్ చేశాను. గెలిచాను.

ప్రిన్సిపాల్‌ను ఎంచుకునేది, నాలుగేళ్ల కాంట్రాక్టు ఇచ్చేది ఈ కౌన్సిలే. మా దగ్గర ఆ పని నేను ఉండగానే వచ్చింది. ఇరవైకి పైగా దరఖాస్తులు, మూడు శనివారాలు లైబ్రరీలో చిన్నపిల్లల కుర్చీల్లో కూర్చుని ఇంటర్వ్యూలు. అందరూ చక్కగా మాట్లాడారు. చివరికి ముగ్గురిని బడి చూపించడానికి తీసుకెళ్లాం. అందులో ఒకావిడ కారిడార్‌లో నేల మీద పడి ఉన్న పిల్లల జాకెట్ తీసి, కాలర్ లోపల పేరు వెతికి, ఆ తరగతి గది ఎటు అని అడిగి, లోపలికి వెళ్లి కొక్కేనికి తగిలించి వచ్చారు. మాతో మాట్లాడుతున్న మాట మధ్యలో ఆపి మరీ. కాంట్రాక్టుకు ఏడు ఓట్లు కావాలి. పేరు పేరునా పిలిచారు. నా పేరు వచ్చేసరికి గొంతు తడారింది. "ఎస్" అన్నాను. ఇప్పుడు రోజూ పొద్దున గేటు దగ్గర ఆవిడే నిలబడి పిల్లల్ని పేర్లతో పలకరిస్తారు.

చాలా బళ్లలో పోటీకి సరిపడా మనుషులే ఉండరు. వీసా మీద ఉన్నాం కదా, మనకెందుకులే అని దూరంగా ఉండకండి.

ఓక్‌పార్క్_అక్క

తమ్ముడూ, చదువుతుంటే ఒళ్లు పులకరించింది. కానీ ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఎల్‌ఎస్‌సీ ఓటు వేరు, సిటీ, స్కూల్ బోర్డ్, రాష్ట్ర ఎన్నికల ఓటు వేరు. గ్రీన్‌కార్డ్ వాళ్లయినా, హెచ్‌1బీ వాళ్లయినా ఆ రెండోదానికి పొరపాటున కూడా రిజిస్టర్ కావద్దు. డ్రైవర్ లైసెన్స్ దగ్గర ఓటరు రిజిస్ట్రేషన్ ప్రశ్న వస్తుంది, కంగారులో టిక్ పెట్టేస్తారు. సిటిజన్ అని తప్పుగా చెప్పుకున్నట్టు రికార్డయితే గ్రీన్‌కార్డే ప్రమాదంలో పడుతుంది. మా చుట్టాలబ్బాయి ఒకడు అలా టిక్ పెట్టి, అది సరిచేయించుకోవడానికి లాయరు చుట్టూ ఏడాది తిరిగాడు. ఆ ఏడాది వాళ్లింట్లో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. అనుమానం ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడిగాకే ఏ కాగితం మీదైనా సంతకం పెట్టండి.

ఊరూరికీ రూలు వేరు. శాన్ ఫ్రాన్సిస్కోలో సిటిజన్లు కాని తల్లిదండ్రులకు స్కూల్ బోర్డ్ ఓటు కూడా ఉంది, 2016లో అక్కడి ఓటర్లే ఒప్పుకున్నారు. షికాగోలో అది లేదు.

నేపర్‌విల్_రెడ్డి

మా సబర్బ్‌లో స్కూల్ బోర్డ్ ఎప్పటినుంచో ఎన్నికైనదే, ఏడుగురు సభ్యులు, బేసిసంఖ్య ఏళ్లలో ఏప్రిల్‌లో. 2025 ఏప్రిల్ 1న నేను వెళ్లినప్పుడు పోలింగ్ గదిలో నేనొక్కణ్ణే ఉన్నా. గుడిలో పండక్కి పార్కింగ్ దొరకనంత మంది ఉన్నాం కదా, ఆరోజు ఏమైపోయినం అనిపించింది. మీకు నవంబర్‌లో కాబట్టి జనం ఎక్కువే వస్తరు.

గులాబీ_తోట

నేను 2024లో ఒక స్కూల్ బోర్డ్ అభ్యర్థికి సంతకాలు సేకరించాను. బ్యాలట్ ఎక్కాలంటే అప్పుడు 1,000 కావాల్సి వచ్చింది. (2023లో ఆల్డర్‌కి 473.) ఎండలో రైతు బజారు దగ్గర నిలబడి అడిగేదాన్ని. ఎదుటివాళ్లు ఒక్కో సంతకాన్నీ పరీక్షించి అభ్యంతరం పెట్టొచ్చు. వీధికి అటువైపు ఇల్లు వేరే జిల్లాలోకి వస్తే ఆ సంతకం చెల్లదు. అందుకే కావలసినదానికంటే బాగా ఎక్కువ తెచ్చుకుంటారు.

అక్కా, మీకు పనికొచ్చే మాట ఒకటి. క్లిప్‌బోర్డు పట్టుకుని ఎవరైనా ఆపితే తప్పించుకుని వెళ్లకండి. మా స్కూల్లో లైబ్రేరియన్ ఉన్నారా, స్పెషల్ ఎడ్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లల) టీచర్ల ఖాళీలు ఎప్పుడు నింపుతారు, బస్సు ఎందుకు లేదు అని అడగండి. నిజంగా చదువుకున్నవాళ్లు అక్కడికక్కడే మీ స్కూల్ పేరు అడుగుతారు. మిగతావాళ్లు చేతిలో కార్డు పెడతారు.

సౌత్‌లూప్_అమ్మ

అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న రాత్రి పాప పడుకున్నాక ఇద్దరం కూర్చుని ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు తీశాం. కడుతున్నామే కానీ ఏనాడూ వరుసలు చదవలేదు. సగానికి పైగా స్కూళ్లకే పోతోంది! మావారు ఆ వరుస కింద పెన్సిల్‌తో గీత గీసి ఫ్రిజ్‌కి అంటించారు.

చిరునామా కొట్టి వార్డూ స్కూల్ జిల్లా కనుక్కున్నాం. పాప బళ్లో ఎల్‌ఎస్‌సీ మీటింగ్ వచ్చే మంగళవారం సాయంత్రం ఆరింటికి ఉందట, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చట. రెండేళ్లుగా ఆ నోటీసు గేటు మీదే ఉంది, నేను చూడలేదు. వెళ్తున్నాను. ఆ తర్వాత గురువారం లైబ్రరీలో స్కూల్ బోర్డ్ అభ్యర్థుల సభ ఉంది. దగ్గర్లో ఉన్నవాళ్లు ఎవరైనా తోడు వస్తారా? ఒక్కదాన్నే వెళ్లాలంటే కొంచెం బెరుకుగా ఉంది.

గులాబీ_తోట

నేను వస్తానక్కా. గురువారం ఐదున్నరకి రూజ్‌వెల్ట్ స్టేషన్ మెట్ల దగ్గర ఉంటాను. ప్రశ్నలు కాగితం మీద రాసి తెచ్చుకోండి, మైకు దగ్గరికి వెళ్లేసరికి మర్చిపోతాం.