పలమనేరు పక్క పల్లెకు తిరిగి పోదామనుకుంటున్నా: నాలుగు కాలాల కోసం ఊరికి పోవడం సరైన పనేనా?

మొగిలిఘాట్:
మా సొంతూరు పలమనేరుకు తొమ్మిది కిలోమీటర్లు. మూడెకరాల చేను, అరెకరం కయ్య, నాయన కట్టిన మిద్దె ఉన్నాయి. నాయన పోయాక మిద్దెకు తాళం పడింది. నేను పదహారేళ్ళుగా తిరుపతిలో ఉంటున్నాను. పిల్లోడి ఇంటర్ ఈ ఏడాదితో అయిపోతుంది, నా పని కంప్యూటర్ మీదే కాబట్టి నెట్ ఉంటే ఎక్కడ కూర్చున్నా జరుగుతుంది. ఊరికి పోయి ఉందామని నేనంటే మా ఇంటామె వద్దంటోంది.

నా కారణం ఇది. తిరుపతిలో మార్చి నుంచి సెప్టెంబర్ దాకా ఎండ, ఉక్క. తర్వాత తుపాను వానలు నాలుగు, ధనుర్మాసంలో పొద్దునపూట కాస్త చల్లదనం, అంతటితో ఏడాది అయిపోతుంది. మొగిలి ఘాట్ ఎక్కుతూనే గాలి వేరుగా ఉంటుంది. తిరుపతి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంటే పలమనేరు, మదనపల్లె 700 మీటర్లకు దగ్గర, ఆ ఎత్తుకే మూడు డిగ్రీలు తగ్గుతుంది. రాత్రి పడుకున్నప్పుడు ఆ మూడు డిగ్రీలు ఎంతో తెలిసినవాళ్ళకే తెలుసు.

ఇళ్ళల్లో మూడు కాలాలు అంటారు గానీ మన చిత్తూరు వైపు వానాకాలమే రెండు. జూన్ నుంచి నైరుతి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్యం, రెండింటి వానా దాదాపు సమానంగా పడుతుంది. చిన్నప్పుడు మాకు ఏడాది అంటే ఇదే: ఎండల్లో మామిడికాయ, చింతపండు కొట్టడం, మృగశిర కార్తె వానకు చెనిక్కాయ విత్తడం, కార్తీకంలో చెరువు నిండి మొరవ (అలుగు) పోతే ఊరంతా పోయి చూడటం, ఆ తర్వాత మంచు, అనపకాయలు, సంక్రాంతి దాకా ప్రతి ఇంట్లో పితికిపప్పు. మంచు పడితేనే అనపకాయకు ఆ వాసన వస్తుంది. తిరుపతి మార్కెట్లో కొన్న కాయను ఎన్నిసార్లు వండినా ఆ వాసన నాకు దొరకలేదు. నాకు అది కావాలి. మా పిల్లోడికి కూడా ఒక్క ఏడాదైనా తెలియాలి.

కొర్లగుంట:
అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. గాలి గురించి రాశారు, అనపకాయ గురించి రాశారు, మీ ఇంటామె ఎందుకు వద్దంటోందో ఒక్క ముక్క రాయలేదు.

నేను పెళ్ళయ్యాక ఏడేళ్ళు కార్వేటినగరం వైపు పల్లెలో ఉన్నాను. నాకూ కాలాలు తెలుసు. ఎండాకాలం అంటే బోరు ఎండిపోయి ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టి కాచుకోవడం. వానాకాలం అంటే కట్టెలు తడిసి, పొగతో కళ్ళు మంట, ఉతికిన బట్టలు మూడు రోజులు ఆరకపోవడం. చలికాలంలో నాలుగున్నరకే లేచి చల్లనీళ్ళలో చేతులు పెట్టి పాల పాత్రలు కడగాలి, ఎందుకంటే పాల బండి ఆరింటికి వస్తుంది. పితికిపప్పు రుచిగానే ఉంటుంది, కానీ ఆ అనపగింజలు రాత్రంతా నానబెట్టి, తెల్లారి ఒక్కొక్కటీ పితికి తోలు తీసేది ఎవరు? నలుగురి ఇంటికి రెండు గంటల పని. మీరు తిన్నప్పుడు ఆ వేళ్ళు ఎవరివో గుర్తుందా అన్నా?

మా అత్తకు పక్షవాతం వచ్చింది రాత్రి పదకొండింటికి. తిరుపతిలో ఆసుపత్రికి చేర్చేసరికి రెండు గంటలు దాటింది. ఆమె కుడిచేయి మళ్ళీ రాలేదు. ఆ రోజు నుంచే తిరుపతికి వచ్చేశాం, నేను తిరిగి పోను.

మామిడితోట:
ఇద్దరి మాటా నిజమే. నేను బంగారుపాళ్యం వైపు ఉంటాను, ఊరు వదిలిందే లేదు. జీతం ఉన్న మనిషికి కాలం అంటే గాలి, రైతుకు కాలం అంటే రేటు. 2025లో తోతాపురి మామిడి రేటు ఏమైందో అందరికీ తెలుసు. కిలోకు 12 రూపాయలు అన్నారు, గుజ్జు ఫ్యాక్టరీ ఇచ్చేది 8, ప్రభుత్వం ఇచ్చేది 4. ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్‌లో రెండు రాత్రులు పడుకున్నాను, కాయ కింద నుంచి కారిపోతా ఉంటే చూస్తూ. మా పక్క చేను ఆయన కాయ కోయకుండానే వదిలేశాడు, కోత కూలి కూడా రాదని.

ఇంకోటి, మీ ఊరు పలమనేరు పక్కన అంటున్నారు కాబట్టి చెప్తున్నా, ఏనుగులు. కౌండిన్య అడవి ఆనుకుని ఉన్న చేలల్లో వరి, చెరకు, అరటి ఏది వేసినా కాపలా కాయాల్సిందే. 2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులు, అంటే అడవి ఏనుగులను తరమడానికి నేర్పిన ఏనుగులు తెచ్చారు, పలమనేరు దగ్గరే ముసలిమడుగులో పెట్టారు. అయినా రాత్రి కుక్కలు ఒకేసారి మొరిగితే మాకు ఇప్పటికీ గుండె దడే.

మీరు చెప్పిన వరస కూడా అట్లే ఉందనుకోకండి. మామిడికి చలి బాగా పడితేనే పూత నిండుగా వస్తుంది. డిసెంబర్ ఆఖర్లో మబ్బు పట్టి వాన కురిస్తే పూత మాడిపోతుంది, తేనెమంచు పురుగు పడుతుంది. ఇప్పుడు పూత ఒకే చెట్టుకు రెండు విడతలు, మూడు విడతలు వస్తోంది. మందు ఎప్పుడు కొట్టాలో తెలియదు.

అయినా ఎందుకు ఉంటున్నావని అడిగితే, పూత విచ్చుకున్న వారం రోజులు పొద్దున ఆరింటికి తోటలోకి పోతే వచ్చే వాసన. తేనెటీగల మోత తోటంతా ఒకే స్వరంలో ఉంటుంది. అప్పుల సంగతి ఆ అరగంట గుర్తురాదు. ఇది ఎవరికీ చెప్పలేదు ఇంతవరకు.

రాయలచెరువు దిగువన:
2021 నవంబర్‌లో మా చెరువు కట్ట ఊరుతోందంటే కింద ఊళ్ళన్నీ ఖాళీ చేసి గుట్టల మీదికి పోయాం. స్వర్ణముఖి వంతెనలు తెగిపోయాయి, తిరుపతిలో వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి. చెరువు మొరవ పోతే చూడముచ్చటగా ఉంటుంది, నేనూ ఒప్పుకుంటా. కానీ మా అమ్మ ఇప్పటికీ రాత్రి వాన పెద్దదైతే దీపం ఆర్పనీయదు. అంతే చెప్పాలనుకున్నా.

మంచుకొండల్లో చంద్రగిరి:
మాది చంద్రగిరి పక్క పల్లె. ఐదేళ్ళుగా అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో చిన్న ఊళ్ళో ఉన్నాను. రాష్ట్రం మొత్తానికి ఆరున్నర లక్షల లోపే జనం. ఇక్కడ నాలుగు కాలాలు గీత గీసినట్టు విడివిడిగా కనపడతాయి, అందుకే ఈ చర్చలో నాకూ చెప్పేది ఉంది.

సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్ మధ్య దాకా మేపుల్ చెట్ల ఆకులు ఎర్రగా, పసుపుగా మారతాయి. అది చూడటానికి దూరదూరాల నుంచి వస్తారు. వచ్చినవాళ్ళు ఆ మూడు వారాలు చూసి పోతారు. నవంబర్‌లో ఆకులన్నీ రాలి, ఉత్త కొమ్మలు మిగిలి, నాలుగున్నరకే చీకటి పడుతుంది, దాన్ని ఇక్కడ పుల్లల కాలం అంటారు. మంచు కరిగే మార్చి, ఏప్రిల్‌లో మట్టిరోడ్లలో కారు చక్రాలు సగం దాకా దిగబడతాయి, దానికి బురద కాలం అని పేరే ఉంది. ఇంత కష్టమున్నా ఊరు వదలని వాళ్ళు ఉన్నారు, పక్కింటి ముసలాయన అట్లాంటివాడు.

ఆయనకు ఇరవై, ముప్పై మేపుల్ చెట్లు ఉన్నాయి. రాత్రి నీళ్ళు గడ్డకట్టే చలి, పగలు కరిగే ఎండ, ఈ రెండూ కలిసిన రోజుల్లోనే ఆ చెట్టు నుంచి తియ్యనీరు కారుతుంది. నలభై లీటర్లు కాస్తే ఒక లీటరు పాకం. ఆ కొన్ని వారాలు ఆయన పెనం దగ్గరే ఉంటాడు, రాత్రి కూడా. మొదటి ఏడాది పక్కన నిలబడి చూస్తే నాకు మా తాత గుర్తొచ్చాడు. గానుగ ఆడేటప్పుడు బెల్లం పాకం ముదిరిందో లేదో నీళ్ళలో చుక్క వేసి చూసేవాడు, ఆ నెల ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, ముఖం మాత్రం వెలిగిపోయేది. వీళ్ళు కాలాలను ప్రేమిస్తున్నారంటే, వచ్చే ప్రతి కాలానికీ వాళ్ళ చేతికి ఒక పని ఉంది, ఆ పని వాళ్ళకు బాగా వచ్చు. నాకు ఆకులు ఎంత నచ్చినా ఐదేళ్ళ తర్వాత కూడా నేను చూసిపోయేవాళ్ళలో ఒకడినే అనిపిస్తుంది, ఎందుకంటే నాకు ఇక్కడ అలాంటి పని ఏదీ లేదు.

కాబట్టి మొగిలిఘాట్ అన్నా, నువ్వు ఊరికి పోతే ఏ నెలలో ఏం చేస్తావు? కంప్యూటర్ ముందు కూర్చుని కిటికీలోంచి చూడటానికైతే మూడు నెలల్లో విసుగొస్తుంది.

కొర్లగుంట:
తమ్ముడూ, నువ్వు చెప్పింది బాగుంది కానీ ఒకటి వదిలేశావు. ప్రతి కాలానికీ పని ఉండటమే ప్రేమైతే పల్లెలో ఆడవాళ్ళకు అందరికంటే ఎక్కువ ప్రేమ ఉండాలి, ఎందుకంటే పని మాకే ఎక్కువ. పని ఉండటం చాలదు, ఆ పని నాది అని ఒప్పుకునే మనిషి ఉండాలి. మీ తాత పాకం చూస్తే ఊరు మెచ్చుకుంది. మీ అవ్వ ఆ నెలంతా కూలోళ్ళకు సంగటి కెలికింది, ఆమె ముఖం ఎట్లుండేదో నీకు గుర్తుందా?

నాకు పల్లె మీద కోపం లేదు. ఏడేళ్ళలో నాకు నచ్చింది ఒకటుంది. చెనిక్కాయ పీకే రోజుల్లో నలుగురు ఆడవాళ్ళం గెనిమ మీద కూర్చుని కాయలు ఒలుస్తూ, పచ్చి చెనిక్కాయలు ఉడకబెట్టుకుని తింటూ, ఎవరి కష్టం వాళ్ళు చెప్పుకునేవాళ్ళం. తిరుపతిలో అపార్ట్‌మెంట్‌లో నా పక్క ఫ్లాట్ ఆమె పేరు తెలుసుకోవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. అది మాత్రం పోగొట్టుకున్నా.

మంచుకొండల్లో చంద్రగిరి:
గుర్తులేదు అక్కా. రేపు ఆదివారం అమ్మకు ఫోన్ చేసి అడుగుతా.

మొగిలిఘాట్:
అక్క అన్న మాట రాత్రి ఇంట్లో చెప్పి, ఎందుకు వద్దంటున్నావో పూర్తిగా చెప్పమని కూర్చున్నాను. ఇన్నాళ్ళూ నేను అడిగిందే లేదు, నా కారణాలే చెప్తూ వచ్చాను. వాళ్ళమ్మకు ఇక్కడ వారానికి రెండుసార్లు డయాలసిస్, పక్కన ఉండేది ఈమే. జాకెట్లు కుట్టించుకునే వాళ్ళంతా ఈ వీధిలోనే, పదకొండేళ్ళుగా సంపాదించుకున్న పేరు. ఊరికి పోతే ఆమె సంపాదన సున్నా అవుతుంది, నాది అలాగే ఉంటుంది. ఇది నేను ఆలోచించలేదు.

ఇల్లు మార్చడం ఇప్పటికి లేదు. కానీ చేను వదలను. వచ్చే మృగశిరకు నేనొక్కడినే పోయి చెనిక్కాయ వేసి, మధ్యలో సాళ్ళకు అనపలు వేస్తాను. వారంలో నాలుగు రోజులు అక్కడ, మూడు రోజులు ఇక్కడ. అనపగింజలు నేనే పితుకుతాను, నేర్చుకుంటాను. సెలవులకు పిల్లోడు వస్తానన్నాడు. మామిడితోట అన్నా, నాటు అనప విత్తనం ఎక్కడ దొరుకుతుంది? హైబ్రిడ్ వద్దు.

మామిడితోట:
నా దగ్గరే ఉంది, వేపాకు కలిపి కుండలో పెట్టాను. రెండు కిలోలు ఇస్తా, డబ్బు వద్దు, పంట వచ్చాక రెండు కిలోలు తిరిగి ఇవ్వు. దానికంటే ముందు ఎండల్లోనే ఒకసారి పోయి బోరు ఆడించి చూడు. మా వైపు వెయ్యి అడుగులు పోయినా దుమ్మే వస్తోంది. 2025లో హంద్రీ-నీవా నీళ్ళు కుప్పం దాకా వచ్చాయి, మీ చెరువుకు కాలువ ఉందో లేదో అక్కడ కనుక్కో. అడవి వైపు గెనిమ మీద కంది వేయకు, ఏనుగు అటునుంచే దిగుతుంది.