గాడిద లద్దె నిమ్మపాదుల్లో పచ్చిగా వేయొచ్చా, మాగబెట్టాలా?

పొదలకూరు నిమ్మరైతు:
మా ఊరి రజక పెద్దాయన దగ్గర ఆరు గాడిదలున్నాయి. దొడ్డిలో లద్దె ఊరికే తోలుకుపొమ్మంటున్నాడు. నాకు ఎకరన్నర నిమ్మతోట. గాడిద మెల్లగా నమిలి తింటుంది కాబట్టి లద్దె తొందరగా మట్టిలో కలుస్తుంది, పచ్చిగానే వేసేయమంటాడు మా బావ. వేడికి చెట్లు ఎండిపోతాయి, అసలొద్దంటాడు నాన్న. తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది. ఇంతకుముందు వేసినవాళ్ళు చెప్పండి.

కనిగిరి మెట్టరైతు:
అన్నా, పచ్చిది మాత్రం వేయొద్దు. నేను వేసి దెబ్బతిన్నా. మా వైపు గాడిదలు బీళ్ళలో సర్కారు తుమ్మకాయలు తిని వస్తాయి. కాయ అరుగుతుంది గానీ గింజ అరగదు. లద్దె తోలిన కందిచేలో వానలు పడగానే ఎక్కడ చూసినా తుమ్మ మొలకలే. రెండేళ్ళు పీకించాను, ఆ కూలి ఖర్చుతో రెండు ట్రాక్టర్ల పశువుల ఎరువు వచ్చేది. గాడిద ఆవులాగా నెమరు వేయదు. అందుకే లద్దెలో పీచు, గింజలు అలాగే మిగులుతాయి.

ఒంగోలు, వ్యవసాయం చదివినవాడిని:
మీ బావగారి మాట చాలా పాతది. 1వ శతాబ్దంలో రోమ్‌లో వ్యవసాయం గురించి రాసిన కొలుమెల్లా అచ్చం ఇదే చెప్పాడు: గాడిద నిదానంగా నములుతుంది కాబట్టి దాని ఎరువు వెంటనే పొలంలో వేయొచ్చని. నెమరు సంగతి తెలిస్తే ఆ కారణం నిలవదు. ఇక వేడి అంటారా, 19వ శతాబ్దంలో పారిస్ చుట్టుపక్కల కూరగాయల రైతులు గుర్రపు లద్దె పరిచి, పైన మట్టి పోసి, ఆ వేడితోనే చలికాలంలో కూరలు పండించేవాళ్ళు. చలిదేశంలో అది వరం. మన ఎండల్లో, పైపైనే వేళ్ళు పారే నిమ్మకు అదే ముప్పు. నాన్నగారి భయం సరైనదే. అయితే ఆ వేడి కుప్పలోనే తీరిపోతే ఇక అభ్యంతరం ఏముంది?

ఉదయగిరి:
లెక్క కూడా చూడండి. గాడిద రోజుకు నాలుగు కిలోలు వేస్తుందనుకున్నా ఏడాదికి టన్నున్నర. సగం దారుల్లోనే పడిపోతుంది, మాగితే ఇంకా తగ్గుతుంది. ఎకరాకు నాలుగు టన్నులు కావాలంటే ఆరు గాడిదలు చాలవు. మేం ఎరువు కోసం రాత్రిళ్ళు పొలంలోనే గొర్రెల మంద పెట్టిస్తాం. గొర్రె ఎరువులో నత్రజని 3 శాతం దాకా ఉంటుంది, మామూలు పశువుల ఎరువులో అర శాతమే. పైగా గాడిదలే కరువైపోతున్నాయి. 2012 నుంచి 2019 మధ్య దేశంలో వాటి సంఖ్య 61 శాతం తగ్గిందని పశుగణన చెప్పింది. రేపు ఉండేదో లేదో తెలియని ఎరువును నమ్ముకుని తోట పెంచలేం.

కనిగిరి మెట్టరైతు:
అన్నా, తోటంతా దీంతోనే పెంచమని ఎవరూ అనలేదు కదా. పాదుకు రెండు తట్టలు వేసినా ఇసుకపారు ఎర్రనేలకు తడి నిలుస్తుంది. ఇప్పుడు నేను చేసేది చెప్తా. లద్దె ఒక వరస, వేరుశనగ పొట్టు ఒక వరస వేసి, తడిపి, పట్టా కప్పుతా. పదిహేను రోజులకోసారి తిరగేస్తా. లోపలికి ఇనుప కడ్డీ గుచ్చి కాసేపటికి తీస్తే చేత్తో పట్టుకోలేనంత కాలాలి. 55 డిగ్రీలు దాటి కొన్నాళ్ళు నిలిస్తే చాలా గింజలు చస్తాయి. అంచుల్లోది లోపలికి, లోపలిది అంచులకు మార్చడం మర్చిపోవద్దు, నా మొదటి కుప్ప అక్కడే చెడింది. మూడు నెలలకు మట్టివాసన వస్తుంది. ఇంకో మాట, చేతికి గాయం ఉంటే లద్దె ముట్టుకోవద్దు. ధనుర్వాతం క్రిములు అందులో ఉండొచ్చు. టీటీ ఇంజెక్షన్ వేయించుకుని దిగండి.

కావలి:
జీవామృతంలో (ఆవుపేడ, మూత్రం, బెల్లం నీళ్ళలో కలిపి పులియబెట్టేది) ఆవుపేడ బదులు లద్దె కలపొచ్చా?

ఒంగోలు, వ్యవసాయం చదివినవాడిని:
వద్దండీ. 200 లీటర్ల నీళ్ళకు 10 కిలోల నాటు ఆవుపేడ అనేది ఆ పద్ధతిలో చెప్పిన కొలత. లద్దెను కుప్ప ఎరువుగానే వాడండి.

పొదలకూరు నిమ్మరైతు:
అందరికీ దండాలు. బావి దగ్గర నీడలో ఈ వారమే కుప్ప వేస్తాను. పెద్దాయన దగ్గర మాత్రం ఊరికే తీసుకోను, బండికింత అని ఇస్తా. ఆ డబ్బులు గాడిదల దాణాకు పనికొస్తాయి. మా బావ ఒక్క చెట్టుకైనా పచ్చిది వేసి చూస్తానంటున్నాడు. సరేనన్నా, మొదలుకు మూడడుగుల దూరంలో వేయమన్నా.