తెలియకుండా మజ్జిగలో మాత్ర కలిపివ్వడం తప్పా?

గుణదల అక్క:
మా తమ్ముడికి బైపోలార్, అంటే కొన్నాళ్లు విపరీతమైన ఊపు, కొన్నాళ్లు కుంగుబాటు వచ్చే జబ్బు. లిథియం వేసుకున్నన్నాళ్లూ ఉద్యోగం చక్కగా చేసుకున్నాడు. తగ్గిపోయిందంటూ సంక్రాంతికి మానేశాడు. ఇప్పుడు రాత్రిళ్లు నిద్ర లేదు, అమరావతి దగ్గర స్థలమని ఎవరికో అడ్వాన్సు కూడా ఇచ్చొచ్చాడు. అమ్మ వాడికి చెప్పకుండా మాత్ర నూరి మజ్జిగలో కలుపుతోంది. నాకు మనసొప్పట్లేదు. మీరేమంటారు?

కొత్తపేట బాబాయ్:
ఒప్పకపోవడానికి ఏముందమ్మా? మా అన్నయ్య ఆ ఊపులో చేసిన అప్పులు తీర్చింది మేమే. బతిమాలితే వేసుకునే స్థితిలో ఉంటారా వాళ్లు? నీతులు చెప్పేవాళ్లు ఒక్క రాత్రి ఆ ఇంట్లో పడుకుని చూడాలి.

అరండల్‌పేట మందుల షాపు:
నీతి సంగతి తర్వాత. లిథియం అలా ఇచ్చే మందే కాదు. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ దాకా ఉంటే పనిచేస్తుంది, 1.5 దాటితే విషం. మధ్యలో ఉన్నది అంతే. నెమ్మదిగా కరిగే రకం మాత్రని నూరితే మందంతా ఒకేసారి దిగుతుంది. గ్లాసులో సగం వదిలేస్తే ఎంత పోయినట్టు? మందు వేసుకుంటున్నానని తెలియని మనిషి రక్తపరీక్షకు ఎందుకొస్తాడు? పైగా ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్ కొనుక్కుంటాడు, దాంతో లెవెల్ పెరుగుతుంది. మన మే నెల ఎండలో నీళ్లు తాగకపోయినా, బీపీ అని ఇంట్లో ఉప్పు తగ్గించినా అంతే. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, తూలడం కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

కొత్తపేట బాబాయ్:
సరే, లిథియం వద్దు. వేరేది కలపొచ్చుగా?

బెంజి సర్కిల్ కుర్రాడు:
బాబాయ్ గారూ, ఈ జబ్బు నాకే ఉంది. మా ఇంట్లోనూ కలిపారు. పులుసు చేదుగా ఉండి దొరికిపోయారు. ఆ తర్వాత చాన్నాళ్లు అమ్మ వండింది ముట్టలేదు, హోటల్ తిండే. నేను మందు మానింది బరువు పెరిగిపోతున్నానని. ఎందుకు మానావురా అని ఒక్కరూ అడగలేదు. డాక్టరుకి చెప్తే మందు మార్చారు. ఇప్పుడు బాగున్నప్పుడే రాసిచ్చాను: వరసగా రెండు రాత్రులు నిద్రపోకపోతే ఏటీఎం కార్డు అక్కకివ్వాలి, నన్ను ఫలానా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో వైద్యం గురించి ఇలా ముందే రాసిపెట్టుకునే వీలుంది, మన తరఫున మాట్లాడే ప్రతినిధిని పెట్టుకునే వీలూ ఉంది.

కొత్తపేట బాబాయ్:
ఊపు మీదున్నప్పుడు ఆ కాగితం చూస్తావా నువ్వు?

బెంజి సర్కిల్ కుర్రాడు:
చూడను. చించేస్తానేమో కూడా. దానికే 89వ సెక్షన్ ఉంది. ప్రతినిధి అడిగితే, సైకియాట్రిస్టుతో కలిపి ఇద్దరు విడివిడిగా పరీక్షించి ప్రమాదం ఉందంటే, నేను వద్దన్నా 30 రోజుల దాకా చేర్చుకోవచ్చు. అది నాకు తెలిసే జరుగుతుంది. మజ్జిగ అలా కాదు.

గుణదల అక్క:
మజ్జిగ ఆపించాను. మానసిక సమస్యలకి సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేశా, ఆలస్యం చెయ్యకుండా సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లమన్నారు. అమ్మ మాత్రం "నీకేమే, అత్తారింటికి వెళ్లిపోతావు, రాత్రంతా వాడితో ఉండేది నేను" అంటోంది.

కొత్తపేట బాబాయ్:
ఆవిడన్నదీ నిజమేగా. రాత్రి కాపలాకి వంతులేసుకోండి. మీ ఆయన్నీ కలుపుకో.